అద్దం మీది బొట్టుబిళ్ళలు

బెజవాడలో ఏ ఇంటిని కంప్యూటర్లోకి ఎక్కించినా, ఆ ఇంటికి లేని గది ఒకటి పుట్టుకొచ్చేది. బీరువా వెనక గోడ దాటి, పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు మీదుగా, గాల్లో వేలాడుతూ ఇంకో పడగ్గది. అందులోనూ అదే మంచం, అదే దుప్పటి, అదే ఫ్యాను. కాకపోతే అన్నీ కుడి ఎడమలు తిరగబడి ఉండేవి. ఇదంతా అద్దం చేసే నిర్వాకం. ఇల్లు కొలిచే యంత్రం కాంతిని వదిలి, అది తిరిగొచ్చిన తీరును బట్టి గోడ ఎంత దూరమో లెక్క కడుతుంది. అద్దానికి తగిలిన కాంతి మళ్ళుకుని ఎదుటి గోడదాకా పోయి వస్తుంది. ఆ సంగతి తెలియని యంత్రం అద్దం ఉన్నచోట గుమ్మం ఉందనుకుని, వెర్రిబాగులదానిలా లోపలికి నడిచిపోయేది. ఒకసారి ఎవరో మంగలి షాపు పంపించారు. రెండు వైపులా అద్దాలే. యంత్రం ఏలూరు దాకా కుర్చీలు వేసుకుంటూ పోయింది.

అద్దెకిచ్చే ఇళ్ళను జనం ఫోన్లోనే తిరిగి చూసుకునేలా తయారుచేసే గృహదర్శిని అనే కంపెనీకి ఈ గదులు పెద్ద తలనొప్పి అయిపోయాయి. ఆ తలనొప్పి వదిలించే పని సుహాసినికి అప్పజెప్పారు. పెద్ద తెలివైనదని కాదు, ఇంకెవరూ ఒప్పుకోలేదు గనక. ఆమె నెలల తరబడి పరాయివాళ్ళ పడగ్గదులు చూస్తూ కూర్చుంది. చూడగా చూడగా ఒక వింత కనిపించింది. ఆ దొంగ గుమ్మాలన్నిట్లోనూ, సరిగ్గా మనిషి మొహం ఎత్తులో, గాల్లో ఎర్రటి చుక్కలు నిలబడి ఉన్నాయి.

అవి బొట్టుబిళ్ళలు. మొహం కడుక్కోబోయే ముందు ఆడవాళ్ళు నుదుటి మీది బిళ్ళ తీసి అద్దానికి అంటిస్తారు. కొన్ని మళ్ళీ నుదుటికెక్కుతాయి, కొన్ని ఎండిపోయి అక్కడే ఉండిపోతాయి. అద్దంలోని మంచం ఎంతో దూరాన ఉన్నట్టు కనబడినా, అద్దం మీది బిళ్ళ మాత్రం అద్దం ఉన్నచోటే ఉంటుంది. బొట్టుబిళ్ళ గాల్లో నిలబడదు కదా. నిలబడిందంటే అక్కడ గాజు ఉన్నట్టే. సుహాసిని ఆ చుక్కల్ని పట్టుకుని యంత్రానికి అద్దాన్ని గుర్తుపట్టడం నేర్పింది. బిళ్ళలు దొరికితే చాలు, యంత్రం అది అద్దమని తెలుసుకుని లోపలి గదిని మడిచి పక్కన పెట్టేసేది. బిళ్ళల్లేని శుభ్రమైన అద్దాన్ని మాత్రం ఇంకా గుమ్మమనే అనుకునేది. అయితే ఇంటి హద్దు దాటిన గదుల్ని చివర్లో కత్తిరించి పారేస్తుంది గనక ఆ పీడా అక్కడితో పోయేది.

ఆఫీసులో అందరి ఇళ్ళల్లోనూ అలాంటి అద్దాలే ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నారు గనక ఎవరి కంటికీ ఆ బిళ్ళలు ఆనలేదు. సుహాసిని కంటికి ఆనాయి. ఎందుకంటే వాళ్ళింటి అద్దం మీద బొట్టుబిళ్ళ ఒక్కటీ ఉండదు.

సర్టిఫికెట్లలో ఆమె సుహాసిని. ఇంట్లో సువార్త. తెనాలి దగ్గర పల్లెలో మాలపల్లి చర్చిలో పెట్టిన పేరది. తండ్రి పోయాక తల్లి దీనమ్మను తీసుకుని బెజవాడ వచ్చింది. ఆఫీసుకు బొట్టు పెట్టుకుని వెళ్ళేది, సాయంత్రం వీధి మొదట్లో ఆగి ఆ బిళ్ళను తీసి స్కూటర్ అద్దానికి అంటించేది. దీనమ్మ ఎన్నడూ అదేమిటని అడగలేదు. అడగకపోవడమే సువార్తకు బరువుగా ఉండేది.

పారేసిన చెత్తలో ఏముందో కెలికి చూడాలన్న బుద్ధి కంపెనీ పెద్ద శశాంక్‌కు పుట్టింది. మడిచి పక్కన పెట్టిన గదిని తిరగేసి విప్పితే, కెమెరా వెళ్ళని చోటు కనబడుతుంది. పడగ్గదిలో పెట్టిన కెమెరాకు వంటగది కనబడదు. బీరువా అద్దానికి కనబడుతుంది. అంతే, ఆ ముక్క పట్టుకుని శశాంక్ "పొందిక" అనే కొత్త సేవ మొదలెట్టాడు. అద్దెకు దిగాలనుకునేవాళ్ళు ముందు తామున్న ఇంటిని స్కాన్ చేసి పంపాలి. సామాను కొత్త ఇంట్లో పడుతుందో లేదో చూసి చెప్తామన్నది పైకి చెప్పే మాట. వంటగది స్కాన్ చేస్తే చేయండి, లేకపోతే మీ ఇష్టం అనేవాడు, ఎంతో మర్యాదగా. పైన పటారం, లోన లొటారం. ఇంటి ఓనరుకు వేరే కాగితం వెళ్ళేది. ఏం వండుతారు, ఏ దేవుడికి మొక్కుతారు, చెప్పినదానికంటే ఎక్కువమంది ఉన్నారా, అన్నీ అందులో ఉండేవి.

మొదటి మీటింగులో గోడంత తెర మీద నమూనాలు వేసి చూపించాడు. కుళాయి కింద జెల్ల చేపలు తోముతున్న ఒకావిడ. తలుపు వెనక మేకుకు తగిలించిన నమాజు టోపీ. ఓనరుకు చెప్పకుండా ఇంట్లో పెట్టుకున్న పక్షవాతం ముసలాయన. కెమెరాకు వీపు పెట్టి కూర్చుని పిల్లకు పాలిస్తున్న ఒక తల్లి. ఆ తల్లి కెమెరాకు చాటయ్యాననుకుంది గానీ, సరిగ్గా అద్దానికి ఎదురుగా కూర్చుంది. ఆ బొమ్మను రెండుసార్లు తిప్పి తిప్పి చూశారు. ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకెవడో సమోసా కొరుకుతూ పెద్దది చేయమన్నాడు. సుహాసిని తెర వంక నుంచి తల తిప్పుకుంది. ఛీ, చదువుకున్న కుక్కలు అనుకుంది.

"మనం ఎవరినీ కులం అడగట్లేదు, మతం అడగట్లేదు. వాళ్ళింట్లో వాళ్ళ అద్దమే చెప్తోంది. మన తప్పేముంది ఇందులో?" అన్నాడు శశాంక్. వాడి నోట్లోంచి ఆ మాట ఎంత నున్నగా వచ్చిందంటే, చాలామంది నిజమేనని తలలూపారు.

చూపించనిది చూడటం తప్పు కదండీ అని సుహాసిని ఒక్క మాట అంది. మీకెందుకంత బాధ, మీకు దాచుకునేదేమన్నా ఉందా అని శశాంక్ నవ్వుతూ అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అవుతుందని భయపడి ఆమె కూర్చుండిపోయింది. తర్వాత బాత్రూముకు వెళ్ళి, మొహం కడుక్కోబోయే ముందు బిళ్ళ తీసి అద్దానికి అంటించబోయి, చేతిలోనే పట్టుకుని చాలాసేపు నిలబడింది. తను కనిపెట్టిన ఉపాయానికి తనకే రోత పుట్టింది. అయినా మర్నాడు మళ్ళీ ఆఫీసుకు వెళ్ళింది. ఉద్యోగం లేని ఒంటరి ఆడదానికి ఊళ్ళో ఎవరు ఇల్లిస్తారు? తల్లీకూతుళ్ళున్న పాత ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కడతారట, నెలాఖరులోగా ఖాళీ చేయమన్నారు.

ఇల్లు వెతకడమంత నీచమైన పని ఇంకోటి లేదు. దీనమ్మకు మోకాళ్ళు అరిగిపోయాయి, మెట్లెక్కలేదు, కింద వాటా కావాలి. దొరికిన ప్రతి కింద వాటాకూ గుమ్మంలో ఒక ఓనరు ఉంటాడు. నీళ్ళు తాగుతారా అని అడక్కముందే "మీరేమిట్లు?" అని అడుగుతాడు. సుహాసిని అబద్ధమాడలేక, నిజం చెప్పలేక, మాది గుంటూరు వైపండీ అనేది. గుంటూరు వైపు అదో కులమా అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఇంకొకాయన ఇల్లు నిన్ననే అయిపోయిందన్నాడు. 'అద్దెకు ఇవ్వబడును' బోర్డు ఆయన తల మీదే వేలాడుతూ ఉంది.

అనసూయ గారి ఇల్లు మాత్రం వేరుగా కనిపించింది. ఆసుపత్రికి దగ్గర, కింద వాటా, దొడ్లో కుళాయి, వాకిట్లో కనకాంబరాలు. అనసూయ గారు మజ్జిగ ఇచ్చి మరీ కూర్చోబెట్టింది. సుహాసిని నుదుటి బొట్టు చూసి, లక్షణంగా ఉన్నావమ్మా అని మెచ్చుకుంది. అమ్మగారి మోకాళ్ళకు వావిలాకు కాపడం పెట్టమని చెప్పింది. ఏమిట్లని అడగలేదు. సుహాసిని ప్రాణం లేచొచ్చింది. గేటు దాకా వచ్చాక అనసూయ గారు కాస్త మొహమాటంగా ఆగింది.

"ఏమీ అనుకోకమ్మా. మా అబ్బాయి పెట్టిన రూలు. ఆ పొందిక కాగితం ఒకటి పంపిస్తే చాలు, తాళాలు నీ చేతిలో పెడతాను" అంది.

తాను తీసిన గొయ్యి తన వాకిట్లోకే వచ్చింది. మళ్ళీ ఇంకో ఇల్లు వెతకడానికి వ్యవధీ లేదు, దీనమ్మకు ఓపికా లేదు. అయితే యంత్రం లోటు సుహాసినికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పడగ్గదిలో తండ్రి కొన్న పాత ఇనప బీరువా ఉంది, దాని తలుపుకు నిలువుటద్దం. ఆ అద్దం సరిగ్గా గుమ్మానికి ఎదురు, గుమ్మానికి అవతల వంటగది. స్కాన్ జరిగేటప్పుడు తలుపులన్నీ తీసి ఉంచాలని నియమం. అద్దానికి దుప్పటి కప్పితే, కప్పారని యంత్రం కాగితంలో రాసేస్తుంది. కాబట్టి అద్దాన్ని అద్దంలా వదిలేయాలి. మరక లేకుండా, మచ్చ లేకుండా తుడిచేస్తే చాలు. యంత్రం దాన్ని గుమ్మమనుకుని, లోపలి గదిని హద్దు దాటిన చెత్త కింద కత్తిరించి పారేస్తుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టారు. గోడ మీది వాక్యాల క్యాలెండరు, చర్చి మెట్ల మీద నిలబడి దిగిన అమ్మానాన్నల పెళ్ళి ఫోటో, పెద్ద బైబిలు, అన్నీ సువార్త వంటగదిలోకి చేరవేసింది. తండ్రి ఫోటోను గ్యాస్ సిలిండరుకు ఆనించేటప్పుడు తల్లి మొహం చూడలేకపోయింది. కూతురు నిలువుటద్దాన్ని ఉప్పునీళ్ళతో, పేపరుతో, చివరికి తన చున్నీతో అరిగిపోయేలా తుడుస్తుంటే దీనమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎందుకే అమ్మాయ్ అంత రుద్దుడు?" అని మాత్రం అడిగింది.

సువార్త చెప్పలేదు. అద్దం దేన్ని పట్టిస్తుందో చెప్పాలంటే, ఆఫీసులో తను చేసే పనేమిటో చెప్పాలి. ఆ పని తల్లి ముందు పెట్టడానికి ఆమెకు సిగ్గేసింది. ఇల్లు నీటుగా కనబడాలమ్మా, వాళ్ళిళ్ళలా ఉండాలి అని ఊరుకుంది.

ముందు గది స్కాన్ అయ్యేసరికి కొంతసేపు పట్టింది. తర్వాత కెమెరా బిగించిన ముక్కాలి స్టాండు తెచ్చి పడగ్గది మూల నిలబెట్టింది. వెలుతురు తగ్గాలని కిటికీ పరదాలు అప్పటికే దించేసి ఉంచింది, ఆ మసకలో అద్దం వంక మళ్ళీ చూడలేదు. తల్లి వంటగదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉందో లేదో ఒక కేక వేసి తెలుసుకుంది. కూర్చున్నానని దీనమ్మ బదులిచ్చింది. సువార్త ఫోనులో బొత్తాం నొక్కి వాకిట్లోకి వచ్చేసింది. స్టాండు మీది గుండ్రటి కన్ను తనంతట తాను చుట్టూ తిరిగి, గదినంతా చూసుకుని, చల్లబడింది.

శుక్రవారం మీటింగులో శశాంక్ మంచి హుషారుగా ఉన్నాడు. ఈ వారం ఒక బంగారం దొరికిందన్నాడు. పేరూ అడ్రసూ తీసేసి బొమ్మ ఒక్కటే తెర మీద వేశాడు.

తెర మీద కనబడ్డ ఇనప బీరువాను సుహాసిని ఇట్టే గుర్తుపట్టింది. నిలువుటద్దం మీద, పొట్టి మనిషి చెయ్యి అందేంత ఎత్తులో, ఆరేడు బొట్టుబిళ్ళలు. ఎరుపు, మెరూన్, ఒకటి చిన్న రాయి పొదిగినది. అన్నీ తనవే. స్కూటర్ అద్దం మీద ఎండకు వెలిసిపోయినవి. ఆమె ముందు గదిలో ఉన్నంతసేపట్లో దీనమ్మ ఆ మోకాళ్ళతోనే పెరటి దారిన వాకిట్లోని స్కూటర్ దాకా కుంటుకుంటూ వెళ్ళి, గోళ్ళతో గీకి తెచ్చి, బీరువాకు అంటించింది. ఇల్లు వాళ్ళిళ్ళలా ఉండాలని కూతురు అంది మరి. కూతురికి సాయం చేసింది.

"చూడండి, బిళ్ళలు లేకపోతే మన యంత్రం దీన్ని గుమ్మమనుకుని వదిలేసేది. బిళ్ళలున్నాయి గనక టక్కున పట్టేసింది" అంటూ శశాంక్ అద్దాన్ని విప్పాడు.

తెర నిండా వంటగది పరుచుకుంది. సిలిండరుకు ఆనించిన పెళ్ళి ఫోటో, గోడకు చేరగిలబెట్టిన క్యాలెండరు, ప్లాస్టిక్ కుర్చీలో దీనమ్మ. ఒళ్ళో తెరిచిన బైబిలు. దీనమ్మ పెదవులు సగం విడివడి ఉన్నాయి, ఏదో వాక్యం చదువుకుంటోంది. ఆమె నుదుటి మీద ఎర్రటి బిళ్ళ ఒకటి ఉంది, కాస్త పక్కకు, అలవాటు లేని చేత్తో పెట్టుకున్నట్టు. బాప్తిస్మం తీసుకున్ననాటి నుంచీ, పెళ్ళినాడు కూడా, ఆ నుదురు దేన్నీ మోయలేదు.

గది ఘొల్లుమంది. చేతిలో బైబిలు, నుదుట బొట్టు, మాంచి డబుల్ యాక్షన్ అన్నాడొకడు. నాటకాల కంపెనీలో పెట్టాలి ఆవిణ్ణి అన్నాడు ఇంకొకడు. శశాంక్ నవ్వాపుకుని, ఇదంతా సుహాసిని గారి ఉపాయం మహిమ, ఆమెకు అందరూ చప్పట్లు కొట్టాలన్నాడు. కొట్టారు. ఆ చప్పట్ల మోత ఆమె ఒంటి మీద ఉమ్మినట్టే ఉంది. ఇరవై మంది పళ్ళికిలించుకుని తన తల్లి నుదుటి వంక చూస్తున్నారు. ఆ గదిలో ఏసీ గాలి, సమోసా నూనె వాసన, వాళ్ళ సెంటు వాసన అన్నీ కలిసి ఆమెకు కుళ్ళు కంపు కొట్టాయి.

సుహాసిని లేచి నిలబడింది.

"ఆవిడ మా అమ్మ."

చప్పట్లు ఆగడానికి కొంచెం టైము పట్టింది, వెనక వరసలో వాళ్ళకు వినబడలేదు. శశాంక్ ముందు తెల్లబోయాడు, తర్వాత జాలిపడ్డాడు. ఆ జాలి చూసి ఆమెకు మరింత అసహ్యం వేసింది. అందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, గొంతు తగ్గించాడు.

"ముందే చెప్పొద్దా సుహాసినీ? మన మనిషివి నువ్వు. ఓనరుకు ఇంకా కాగితం వెళ్ళలేదు. ఆ అద్దం తీసేసి శుభ్రమైన కాగితం ఇప్పిస్తాను. నీ ఇల్లు నీకొస్తుంది. ఈ సంగతి ఇక్కడితో మర్చిపోదాం" అన్నాడు.

ఆమెకు కనకాంబరాల వాకిలి గుర్తొచ్చింది. మెట్లు లేని గుమ్మం, ఆసుపత్రి నాలుగడుగుల దూరం. ఒక్కసారి తలూపితే చాలు. తల్లి కాళ్ళు బతికిపోతాయి. తలూపాలని ఆమెకు నిజంగానే అనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే ఏవగింపు కలిగింది.

మిగతావాళ్ళ అద్దాలు కూడా తీసేస్తారా అని అడిగింది. జెల్లలు తోమే ఆవిడది, ఆ టోపీ ఇంటిది, పాలిచ్చే తల్లిది. అదెలా కుదురుతుంది, అదే కదా మన వ్యాపారం అని శశాంక్ నిజంగానే అర్థంకానట్టు చూశాడు.

"అయితే మా అమ్మ కాగితం కూడా ఉన్నదున్నట్టు పంపించండి. ఒక మాట మీరు రాసుకోండి. ఆ నుదుటి మీద బొట్టు పెట్టించింది నేనూ మీరూనూ. ఆవిడ దాచుకోలేదు, మనం దాచుకునేలా చేశాం. థూ, మన బతుకులు" అంది సుహాసిని.

నుదుటి మీది బిళ్ళ పీకి, తెర మీద తల్లి నుదుటి పక్కన అంటించింది. అది అక్కడ అంటుకోకుండా జారి కింద పడింది. ఆమె దాని కోసం వంగలేదు. బ్యాగు తీసుకుని వచ్చేసింది. ఆ ఉపాయం వాళ్ళ యంత్రంలోనే ఉండిపోయింది, దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి ఆమెకు లేదు.

దారిలో అనసూయ గారు ఫోను చేసింది. కాగితం వచ్చిందట. ఆవిడ గొంతులో నొప్పి లేకపోలేదు. నాకేమీ పట్టింపు లేదమ్మా, మా అబ్బాయే ఒప్పుకోవట్లేదు, అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉండాల్సింది కదా అంది. చెప్పి ఉంటే మజ్జిగ ఇచ్చేవారా అండీ అని సుహాసిని అడిగింది. అవతల లైను తెగిపోయింది.

మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వాకిట్లో రెండు గోనెసంచులు కట్టి ఉన్నాయి. ఇల్లు దొరికినట్టేనన్న ధీమాతో దీనమ్మ గిన్నెలన్నీ సర్దేసింది. తండ్రి ఫోటో పాత చీరలో చుట్టి పైన పెట్టింది. కూతురి ఒట్టి నుదురు చూసి ఆమె మొహంలో రంగు మారింది.

"ఏందమ్మా సువార్తా, ఇయ్యాల తొందరగా వచ్చావు? ఇల్లు ఇస్తామన్నారా?"

లేదమ్మా అంది సువార్త. ఉద్యోగం కూడా మానేశానని చెప్పింది. గుణదలలో చిన్నాన్న వాళ్ళ మూడో అంతస్తులో ఒక గది ఉంది, ప్రస్తుతానికి అక్కడికి పోదామంది. మూడో అంతస్తు అనగానే దీనమ్మ చెయ్యి తెలియకుండానే మోకాలి మీదికి పోయింది. ప్రభువు ఎక్కిస్తాడులే అంది. కాసేపు గోనెసంచి ముడి సర్దుతూ కూర్చుంది. ఆమెకు ఇంకేదో అడగాలని ఉందని సువార్తకు తెలుస్తూనే ఉంది.

చివరికి తల వంచుకునే అడిగింది.

"నేనొక పని చేశానమ్మా నీకు చెప్పకుండా. ఆ అద్దానికి నీ బొట్లు తెచ్చి అంటించా, నువ్వు మళ్ళీ లోపలికొచ్చేలోపే పీకేశా. నేనూ ఒకటి పెట్టుకున్నా, ఆ కాసేపే. దేవుణ్ణి క్షమించమని అడిగాలే. ఇంతకీ వాళ్ళకి ఆ బొట్లు కనబడ్డాయా?"

సువార్త తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆ అరిగిపోయిన మోకాలి మీద తల పెట్టుకుంది.

"కనబడ్డాయమ్మా" అంది. "అన్నిటికంటే ముందు అవే కనబడ్డాయి."

దీనమ్మ ఊపిరి పీల్చుకుని, మరి ఇంకేం తక్కువైందో ఏమోలే అంటూ కూతురి జుట్టు నిమిరింది.